చెవిబాబాయ్

శుక్రవారం వచ్చిందంటే గల్ఫులో తెలుగువాడి అసలు రంగు బయటపడుతుంది. ఆరు రోజులూ హెల్మెట్ కింద అణిగిమణిగి ఉన్నవాడు ఆ ఒక్కరోజు తన ఇష్టమొచ్చినట్టు అయిపోతాడు. ఒకడు పదిమందికి సరిపడా బిర్యానీ ఎక్కించి, దమ్ము మీద మూత తీసినవాణ్ణి చంపేస్తానంటాడు. ఒకడు మంచం మీద బోర్లా పడుకుని, ఊళ్లో కొనబోయే స్థలాన్ని వీడియో కాల్లో తమ్ముడి చేత అడుగులేయించి కొలిపిస్తాడు. ఇంకొకడు మధ్యాహ్నం దాకా పడుకుని, మిగతా సగం రోజు నిద్ర చాలలేదని బాధపడతాడు. వీళ్లందర్నీ మీరు ఎక్కడైనా చూడొచ్చు. ఒమాన్‌లోని మా బహ్లాలో మాత్రం వీళ్లెవరితోనూ కలవని మనిషి ఒకాయన ఉన్నాడు. శుక్రవారం పొద్దున్నే తలంటుకుని, కళ్లజోడు మీద భూతద్దం తగిలించుకుని, బల్ల ముందు కూర్చుని చెవులు చేస్తాడు.

ఆయన్ని అందరూ చెవిబాబాయ్ అంటారు. రాజోలు వైపు మనిషి. కరెంటు పనుల కాంట్రాక్టరు దగ్గర సూపర్‌వైజరు. పగలంతా 33 కేవీ లైన్ల కింద నిలబడి జనాన్ని కేకలేస్తాడు. రాత్రి గదికొచ్చాక చెయ్యి వణుకుతుందని టీ కూడా ముట్టడు. ఎందుకంటే రాత్రి ఆయన పట్టుకునేది ఐదారు మిల్లీమీటర్ల పొడవుండే స్పీకరు. దాని వెనక ఉన్న రెండు చుక్కల మీద టంకం పెట్టాలి. సెకనో రెండు సెకన్లో, అంతకుమించి వేడి తగిలితే లోపలి ప్రాణం పోతుంది. మేం ఆ సమయంలో తుమ్మాలన్నా బయటికెళ్లి తుమ్ముతాం.

టీవీ పాటల పోటీల్లో గాయకుల చెవుల్లో తళతళలాడే బుడిపెలు చూసే ఉంటారు. వాటినే ఇన్-ఇయర్ మానిటర్లంటారు. బజార్లో దొరికేవాటికి రబ్బరు టోపీలు చిన్నా, పెద్దా, మధ్యరకం ఇస్తారు. ఏదో ఒకటి దూరుతుంది. బాబాయ్ చేసేవి అలాంటివి కావు. కస్టమ్. ఎవరి చెవికి వాళ్ల అచ్చు తీసి, ఆ అచ్చుతో డొల్ల పోసి, అందులో స్పీకర్లు అమర్చి చేసేవి. పాటంటే చెవి కోసుకునేవాళ్లు ఉంటారని విన్నాం గానీ, అవతలివాడి చెవి కొలత కోసం ప్రాణమిచ్చే మనిషిని ఇక్కడే చూశాం.

ఈ పిచ్చికో స్థలపురాణం ఉంది. కూర్చోబెట్టి చెబుతాడు. పూర్వం స్టేజి మీద గాయకుడికి తన గొంతు తనకి వినబడాలంటే కాళ్ల దగ్గర పెద్ద స్పీకర్లు ఏటవాలుగా పెట్టేవాళ్లు. డ్రమ్ములు వాయించేవాడికి డ్రమ్ముల మోత మీద అవి వినబడవు, అందుకని ఇంకా పెంచేవాళ్లు, చెవులు పోయేవి. 1995లో అమెరికాలో వాన్ హేలెన్ బృందం డ్రమ్మర్ ఆలెక్స్ వాన్ హేలెన్ ఈ గొడవ పడలేకపోతుంటే, ఆ బృందం సౌండ్ ఇంజనీరు జెర్రీ హార్వే చెవిలో పెట్టుకునేది చేసిచ్చాడు. దాంట్లోంచే అల్టిమేట్ ఇయర్స్ కంపెనీ పుట్టింది. "మరి లోపలి స్పీకర్లు ఎక్కడివనుకున్నావ్, అబ్బాయ్?" అని ఇక్కడ ఆపుతాడు. మనం అనుకోలేదని చెప్పాలి. అప్పుడు ఆయన మొహం వెలుగుతుంది. "వినికిడి మిషన్లవి! 1946లో నోల్స్ అనే ఆయన కంపెనీ పెట్టాడు. చెవుడొచ్చినవాళ్ల కోసం చేసిన సరుకు, ఆయ్! రెండు అయస్కాంతాల మధ్య సన్నటి లోహపు నాలుక ఊగుతుంది, దానికో పుల్ల, పుల్లకో పొర. అంతే!" అంతే అన్నాక ఇంకో అరగంట చెబుతాడు. చెవిలో ఇల్లు కట్టుకుని చెప్పడమంటే ఏమిటో అప్పుడు తెలుస్తుంది.

సామగ్రి సంపాదించడం ఇంకో కథ. బహ్లా చిన్న ఊరు. మస్కట్ రెండొందల కిలోమీటర్లు. దగ్గర్లో పెద్ద బజారంటే నలభై కిలోమీటర్ల నిజ్వా. డొల్ల పోసే రెజిన్ ద్రవంగా ఉంటుంది. అతినీలలోహిత కాంతి తగిలితే గట్టిపడుతుంది. ఆ కాంతికి చౌకైన దారి ఆడవాళ్లు గోళ్ల రంగు ఆరబెట్టుకునే దీపం. నిజ్వాలో సౌందర్య సామగ్రి కొట్టుకెళ్లి, మీసాల మనిషి, యాభై దాటినవాడు, గులాబీ రంగు దీపం పట్టుకుని, లోపల తన వేళ్లు పెట్టి, వెలుగు అన్నివైపులా సమంగా పడుతోందా అని పది నిమిషాలు చూశాడట. కొట్టువాడు మర్యాదస్తుడు. మేడమ్‌కి ఏ రంగు కావాలని అడిగాడు. బాబాయ్ నిజాయితీగా, "రంగు వద్దు, నాకు 365 నానోమీటర్లా 405 నానోమీటర్లా అది చెప్పు" అన్నాడు.

ఎండాకాలంలో పడమటి కిటికీ దగ్గర గుడ్డి వెలుగులో పెట్టినా చాలు, రెజిన్ సీసా లోపలే గడ్డకట్టేస్తుంది. 45 డిగ్రీల ఎండ తగిలే ఊళ్లో కాంతికోసం దీపం కొనడమేమిటని మా నిజామాబాద్ అన్న వెటకారమాడాడు. బాబాయ్ దాన్ని వెటకారంగా తీసుకోలేదు, సూచనగా తీసుకున్నాడు. ఒక డొల్లని డాబా మీద పెట్టి చూశాడు. ఒక్కసారిగా గట్టిపడింది, ఆ వేడికి నిలువునా పగిలింది. "సూర్యుడికి కంట్రోలు లేదు" అని నోటుపుస్తకంలో రాసుకున్నాడు.

అచ్చుపోత మందు ఇంటిదగ్గర ఆడవాళ్లకి తెలిసినదే: చైనా గ్రాస్. పుడ్డింగుల్లో వేస్తారే, అదే. చెవిలోంచి తీసిన సిలికాన్ అచ్చుని నునుపుచేసి, మైనంలో ముంచి, గ్లాసులో నిలబెట్టి, చుట్టూ కాగిన చైనా గ్రాస్ పోసి, ఫ్రిజ్‌లో పెట్టాలి. గడ్డకట్టాక అచ్చుని లాగేస్తే చెవి ఆకారంలో గుంట మిగులుతుంది. మా ఫ్రిజ్ అయిదుగురికి ఉమ్మడి. కొత్తగా వచ్చిన కుర్రాడు ఒకడు, డ్యూటీ నుంచి అర్ధరాత్రి వచ్చి, గ్లాసులో వణుకుతున్న తెల్లటి పదార్థం చూసి, పాపం ఎవరో తనకోసం తీపి దాచారనుకున్నాడు. చెంచా సగం దాకా దిగాక చెవి తగిలింది. ఆ రాత్రి వాడు నిద్రపోలేదు. బాబాయ్ కూడా నిద్రపోలేదు. చెవి కాలువ రెండో మలుపు దగ్గర గాటు పడిందట.

ఇంతకీ ఆయన కష్టం ఇదేం కాదు. సామాను దొరుకుతుంది, చెయ్యి తిరుగుతుంది, టంకం కుదురుతుంది. అసలు చిక్కు చేసి ముగించాక మొదలవుతుంది. బహ్లా కుమ్మరివీధిలో తయారైన కూజాలో ఎవరైనా నీళ్లు పోసుకుని తాగి, చల్లగా ఉన్నాయనొచ్చు. బాబాయ్ తన చెవికి చేసుకున్నది లోకంలో ఇంకే చెవికీ పట్టదు. మూడు రాత్రులు మేలుకుని నాలుగు స్పీకర్ల జత చేశాడు. లక్షణంగా కుదిరింది. ఆ ఆనందం పట్టలేక, "విను, విను" అని మా మీదికొచ్చాడు. ఎలా వింటాం? దూరదు. బలవంతంగా పట్టి ఉంచితే కీచుమంటూ దోమ పాడినట్టుంది, ఎందుకంటే చెవి మూసుకుపోకుండా గాలి సందుంటే కింది స్వరాలు జారిపోతాయి. ఆయన మాత్రం పెట్టుకుని, కళ్లు మూసుకుని, 'శంకరాభరణం' పెట్టుకుని తలూపుతాడు. పాడినవాణ్ణి మెచ్చుకోవచ్చు, వండినవాణ్ణి మెచ్చుకోవచ్చు. చెవి చేసినవాణ్ణి మెచ్చుకోవడానికి మనకి ఆ చెవి ఉండాలిగా!

అందుకని ఆయనకి ఒకటే దారి మిగిలింది. మెచ్చుకునేవాణ్ణి మొదట్నుంచీ తనే తయారుచేసుకోవాలి. చెవి అడగాలి, అచ్చు తీయాలి, తన డబ్బుతో స్పీకర్లు కొనాలి, చేసి ఇవ్వాలి, అప్పుడు వాడు "బాగుంది" అనాలి. ఒక రియాల్ అంటే 2.6 డాలర్లు, జతకి ఎన్ని రియాల్‌లవుతాయో ఇంటికి మాత్రం చెప్పడు. ఊళ్లో భార్య అడిగితే, "ఏదో, పక్కవాళ్లకి చిన్న సాయం" అంటాడు. ఆవిడ ఆయన్ని ఆ మధ్య మెచ్చుకుంది కూడా, దానగుణం పెరిగిందని.

ఇక మనుషుల్ని చూసే తీరే మారిపోయింది. కొత్తవాడొస్తే ముందు చెవి చూస్తాడు, తర్వాత పేరు అడుగుతాడు. పెళ్లి ఫోటో చూపిస్తే పెళ్లికూతుర్ని వదిలేసి, "పెళ్లికొడుక్కి కుడి చెవి ఎడమకంటే వెడల్పు" అంటాడు. ఎవరి చెవులూ రెండూ ఒకేలా ఉండవన్నది నిజమే. కానీ పెళ్లివాళ్లతో ఆ మాట చెప్పి తీరాలా?

నా చెవి కూడా అడిగాడు. పెద్దాయన అడిగితే కాదనలేం. "అబ్బాయ్, నోరు తెరిచి ఉంచు" అని పళ్లమధ్య కొయ్యముక్క పెట్టాడు. నోరు కదిలితే దవడ దగ్గర చెవి కాలువ ఆకారం మారుతుందట, పాడేవాడు నోరు తెరిచినా ఊడకుండా ఉండాలంటే నోరు తెరిచే అచ్చు తీయాలట. పాడేవాడు ఎవరు బాబాయ్ అని అడుగుదామంటే నోట్లో కొయ్యముక్క. టార్చి వేసి లోపల చూశాడు. దారం కట్టిన స్పాంజి ముక్కని కాలువలోకి తోశాడు. మొదటి మలుపు దాటింది, చక్కిలిగింత. రెండో మలుపు దాటింది, దగ్గొచ్చింది. చెవిలో తాకితే గొంతు దగ్గడమేమిటని భయపడ్డాను గానీ, గొంతుకెళ్లే నరానికి చెవిలో ఒక కొమ్మ ఉందని ఆయన ధీమాగా చెప్పాడు. మనిషి చెవి కాలువ మొత్తం కలిపితే రెండున్నర సెంటీమీటర్లు. ఆ తర్వాత కర్ణభేరి. అందుకే ఆ స్పాంజి, అందుకే ఆ దారం. ఆ దారం లేకుండా ఈ పని చేయాలని ఎవరికైనా అనిపిస్తే ముందు ఈఎన్‌టీ డాక్టరు అపాయింట్‌మెంటు తీసుకుని మొదలెట్టండి.

రెండు రంగుల సిలికాన్ ముద్దలు కలిపి, సిరంజిలో కూరి, మెల్లగా వదిలాడు. చల్లగా లోపలికి పాకింది. పాకుతూ ఉండగానే గదిలో చప్పుళ్లు ఒక్కొక్కటే తగ్గాయి. ఏసీ మూలుగు పోయింది. పక్క గదిలో ఎవరో అన్నదమ్ముల భూమి పంపకం గురించి ఫోన్లో అరుస్తున్నాడు, అదీ పోయింది. చివరికి నా గుండె చప్పుడు ఒక్కటే మిగిలింది. అయిదు నిమిషాల్లో గట్టిపడింది. మెల్లగా తిప్పి లాగాడు. బయటికొచ్చినదాన్ని వెలుతురుకి పెట్టి చూస్తూ, "ఆహా! ఏం మలుపు! ఎక్కడా బుడగ లేదు" అన్నాడు. నన్ను చిన్నప్పట్నుంచీ ఎవరూ దేనికీ అంతలా పొగడలేదు.

ఆ తర్వాత ఇంటికి సెలవుమీద వెళ్లినప్పుడు భార్య చెవి కూడా తీశాడు. రెండేళ్ల తర్వాత ఇంటికొచ్చిన మనిషి, మొదటి సాయంత్రమే, అత్తగారి ఎదురుగా, ఆవిడ నోట్లో కొయ్యముక్క పెట్టి చెవిలో ముద్ద కూరాడు. అత్తగారు గుమ్మంలో నిలబడి అంతా చూసి, "దానిచేత నోరు మూయించడానికి మస్కట్ దాకా వెళ్లి ఇది నేర్చుకున్నారా?" అన్నారట. మూయించలేదండీ, తెరిపించానంటాడు బాబాయ్, ఇప్పటికీ.

బహ్లాకి జిన్నుల ఊరని పేరు. మట్టి ఇటుకలతో కట్టిన మహా కోట, ఒయాసిస్సు చుట్టూ దాదాపు పన్నెండు కిలోమీటర్ల ప్రాకారం, ఖర్జూరపు తోటలు; దీన్ని యునెస్కో 1987లో ప్రపంచ వారసత్వ జాబితాలోకి ఎక్కించింది. మరుసటి ఏడే ప్రమాదంలో ఉన్నవాటి పట్టీలో చేర్చి, 2004లో గానీ తీయలేదు. పాత సంతలోని చెట్టుని జిన్నులు ఎత్తుకుపోకుండా గొలుసుతో కట్టారని ఇక్కడివాళ్లు చెప్పుకుంటారు. బాబాయ్‌కి ఆ జిన్నుల మీద నమ్మకం లేదు. ఆయన్ని పట్టుకున్న జిన్ను వేరు. అది 8 కిలోహెర్ట్జ్ దగ్గర ఉంటుంది.

ఏమిటంటే, చేసిన జతని కొలవడానికి చైనా నుంచి ఒక లోహపు గొట్టం తెప్పించాడు. అడుగున మైకు, లోపల చెవి కాలువని పోలిన ఖాళీ. కంప్యూటర్లో గీత వస్తుంది. గీత అంతా నున్నగా పోయి, 8 కిలోహెర్ట్జ్ దగ్గర శూలంలా లేస్తుంది. ఆ శూలం చాలావరకు ఆ గొట్టంలోని గాలి ఊగడం వల్ల వచ్చేది, ఎంత లోతుగా దూర్చావన్నదాన్ని బట్టి పక్కకి జరుగుతుంది కూడా. ఆ సంగతి ఆయనకి తెలుసు. మనకి చెప్పిందే ఆయన. అయినా దాన్ని దించకుండా ఉండలేడు. స్పీకరు గొట్టంలో ఇరికించే జల్లెడ బిళ్లలుంటాయి, ఒక్కో అడ్డుకి ఒక్కో రంగు: గోధుమరంగుది 1000, ఆకుపచ్చది 1500, ఎర్రది 2200. ఆకుపచ్చ తీసి ఎర్రది పెడతాడు. శూలం వంగుతుంది, దాంతోపాటు పాటలో సుశీలగారి గొంతూ మందగిస్తుంది. ఎర్రది తీసి గోధుమది పెడతాడు. గొంతు తేటపడుతుంది, శూలం లేస్తుంది. తెల్లారుతుంది. తాయెత్తులు మార్చి మార్చి కట్టినా దిగని గాలి అది.

ఇలాంటి రాత్రుల్లో ఏసీ ఆపమంటాడు. చప్పుడట. తన చెవుల జత బయటి చప్పుడు పాతిక డెసిబెల్స్ తగ్గిస్తుందని పొద్దున పాఠం చెప్పిన మనిషే రాత్రి ఏసీ ఆపమంటాడు. జూన్ నెలలో బహ్లాలో. ఆ మాట గుర్తుచేస్తే, "అది వినేవాడికి, ఇది చేసేవాడికి" అంటాడు. మేం చాపలు పట్టుకుని డాబా ఎక్కుతాం.

ఆఫీసులో పనిచేసే బహ్లా కుర్రాడొకడు ముచ్చటపడి తనకీ చేయమన్నాడు. అడిగి మరీ చెవి ఇచ్చినవాడు ఇతనొక్కడే కాబట్టి బాబాయ్ ఇస్త్రీ చొక్కా వేసుకుని వాళ్లింటికెళ్లాడు. మజ్లిస్‌లో కూర్చోబెట్టి ఖర్జూరాలు పెట్టారు, కహ్వా పోశారు, హల్వా పెట్టారు. సిరంజి సంచిలోనే ఉంది. తాగిన కప్పు అటూ ఇటూ ఊపితే గానీ మళ్లీ పోయడం ఆపరని ఈయనకి గుర్తురాక, కప్పు మీద కప్పు తాగుతూనే ఉన్నాడు. చివరికి కుర్రాడు కుమ్మా టోపీ తీసి చెవి అప్పగించాడు. గోడవారన కూర్చున్న తాతగారు అంతా చూసి, ఇదేదన్నా మంత్రమా అని అడిగాడు. కాదు, సంగీతం కోసమని మనవడు చెప్పాడు. తాతగారు నవ్వి, బహ్లాలో ఇంతకంటే వింతలు చూశాను గానీ చెవిలో చేయడం ఇదే మొదటిసారి అన్నాడు.

దాంతో చెవులు చూసే హిందీ, అంటే ఇండియా, మనిషి అని ఊళ్లో పేరొచ్చింది. చెవిపోటుకి ఒకడు, హోరుకి ఒకడు, ఈత కొడితే నీళ్లు దూరాయని ఒకడు రావడం మొదలైంది. డాక్టర్ని కానని మూడు భాషల్లో మొత్తుకునేవాడు. చెప్పి పంపేలోగా మాత్రం టార్చి వేసి ఒకసారి లోపల చూసేవాడు. ఊరుకోలేడు.

సరే, ఇంతా చేసి ఇచ్చినవాళ్లు ఏమన్నారు? ఇక్కడే బాబాయ్‌కి గుండె పగిలింది. ఆయనకి కావలసింది, "కింది స్వరం కాస్త ముందుకొచ్చింది, వీణ మీట వెనక గాలి తెలుస్తోంది" లాంటి మాట. వాళ్లు అన్నది, "సూపర్, బాబాయ్." ఏం విన్నావురా అంటే నీళ్లు నమిలారు. పైగా ఇప్పటి ఫోన్లలో చాలావాటికి తీగ గుచ్చే కన్నమే ఉండదు. మధ్యలో ఇంకో ముక్క తగిలించాలి. ఆయన కూపీ లాగాడు. ఒకరాత్రి చప్పుడు చేయకుండా గదులన్నీ తిరిగి చూశాడు. ఆయన చేసిన జతలన్నీ చెవుల్లోనే ఉన్నాయి. అందరూ హాయిగా నిద్రపోతున్నారు. ఒక్కదానికీ తీగ లేదు.

అవి చెవుల్లో ఉండడానికి కారణం నిజామాబాద్ అన్న గురక. రెండు గోడలు దాటి వినబడుతుంది. అచ్చుపోసిన చెవి కదా, కాలువకి అతుక్కుపోయి కూర్చుంటుంది, ఇక ఏ గురకా లోపలికి రాదు. నాలుగు స్పీకర్లు, ఎర్ర బిళ్లలు, ఆకుపచ్చ బిళ్లలు, జూన్ నెల ఏసీ త్యాగం, అన్నీ కలిపి మా విల్లాలో బిరడాలుగా పనిచేస్తున్నాయి. బహ్లా కుర్రాడూ మధ్యాహ్నం కునుకుకి అదే పెట్టుకుంటున్నాడని తర్వాత తెలిసింది. రాజోల్లో భార్య కూడా. పక్కింటి వాళ్ల పెళ్లి మైకు రోజు పెట్టుకుందట, ప్రాణం హాయిగా ఉందని ఫోన్ చేసి మరీ చెప్పింది.

బాబాయ్ రెండు శుక్రవారాలు బల్ల ముట్టలేదు. బిర్యానీ జట్టులో చేరి ఉల్లిపాయలు తరిగాడు, అవీ కొలతేసినట్టు ఒకే మందంలో. మూడో శుక్రవారం మా గదికి కొత్తగా వచ్చిన శ్రీకాకుళం కుర్రాడు, రాత్రంతా నిద్రలేక ఎర్రబడ్డ కళ్లతో వచ్చి, చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"బాబాయ్, నాకూ ఒక జత చేసి పెట్టండి. పాటలొద్దు. ఊరికే మూసుకుపోతే చాలు."

"పాటలొద్దా?"

"వద్దు బాబాయ్. ఉత్త ముద్ద పోసేయండి. మీకూ ఖర్చు కలిసొస్తుంది."

చాలాసేపు మాట్లాడలేదు. ఆ తర్వాత టార్చి అడిగాడు. కుర్రాడి కుడి చెవి చూశాడు, ఎడమ చెవి చూశాడు, ఇంకోసారి కుడి చెవి చూశాడు. మొహంలో పాత వెలుగొచ్చింది. నోరు తెరవమన్నాడు.

వారం తిరక్కుండా ఇచ్చేశాడు. రెండూ నిండుగా పోసినవే, సముద్రపు నీలం. కుర్రాడు దండం పెట్టి తీసుకుని, ఆ రాత్రి మొద్దునిద్ర పోయాడు. మర్నాడు బల్ల తుడుస్తూ చూస్తే, స్పీకర్ల డబ్బాలో రెండు తగ్గాయి. ఏమయ్యాయి బాబాయ్ అని అడిగాను.

"కుడివైపొకటి, ఎడమవైపొకటి లోపల పడేశాను. తీగకి కన్నం కూడా వదిలాను, కనబడకుండా" అన్నాడు గొంతు తగ్గించి. "వాడికి చెప్పకు. ఎప్పుడైనా ఒకరోజు నిద్ర పట్టకపోతే!"